సంసారం నడుపుతూ దూరవిద్య: విశాఖలో చదివేవారికి ఏడాది పొడవునా పనికొచ్చే సమగ్ర మార్గదర్శి

ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో అసైన్‌మెంట్లు, అంటే ఇంట్లో రాసి ఇచ్చే జవాబులు, ఇవ్వాల్సిన గడువు సాధారణంగా ఏప్రిల్ 30, అక్టోబరు 31. ఏప్రిల్ అంటే పిల్లల వార్షిక పరీక్షలు. అక్టోబరు అంటే దసరా, దీపావళి ఏర్పాట్లు. ఇక అసలు పరీక్షలు జూన్‌లో మొదలై జూలై మధ్య వరకు, మళ్ళీ డిసెంబరులో మొదలై జనవరి రెండో వారం వరకు సాగుతాయి. జూన్ 12న బడులు తెరుస్తారు. జనవరి రెండో వారానికి ఇంట్లో అరిసెల పాకం పొయ్యి మీదుంటుంది. పెళ్ళయి, పిల్లలున్నవారికి దూరవిద్య కష్టమయ్యేది పుస్తకాల వల్ల కాదు, ఈ తేదీల వల్ల. రోజుకు రెండు గంటలు ఎలా దొరుకుతాయా అని వెతికేవారు ఆర్నెల్లకే అలిసిపోతారు. ఏడాది మొత్తాన్ని ముందే పరుచుకుని చూసేవారు నిలబడతారు. అందుకే ఈ మార్గదర్శి రోజువారీ టైంటేబుల్‌తో కాకుండా ఏడాదితో మొదలవుతుంది.

ఇక్కడి లెక్కలకు ఇగ్నో పద్ధతిని ఆధారంగా తీసుకున్నాం. విశాఖలో చాలామంది చేరే ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య కేంద్రం 1972 నుంచి నడుస్తోంది. అందులో చేరినవారు తేదీలను తమ నోటిఫికేషన్‌లో చూసుకుని మార్చుకోవాలి. పద్ధతి మాత్రం ఇద్దరికీ ఒకటే.

చేరే ముందు తేల్చుకోవాల్సినవి

ముందుగా గుర్తింపు. మీరు చేరబోయే విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు, చేరే ఏడాది, మూడూ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నా, మీ కోర్సుకు ఆ ఏడాది అనుమతి లేకపోవచ్చు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు దూరవిద్య కోర్సులను తమ రాష్ట్ర పరిధిలోనే నడపాలి, ఫ్రాంచైజీలకు ఇవ్వకూడదు. ఎక్కడో దూరపు రాష్ట్రం వర్సిటీ పేరు చెప్పి, ఇక్కడే ఒక గదిలో అడ్మిషన్లు, పరీక్షలు అన్నీ తామే చూసుకుంటామనేవారి దగ్గర రూపాయి కూడా కట్టొద్దు. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, న్యాయవిద్య డిగ్రీలను దూరవిద్యలో ఇస్తామన్నా అది చెల్లే డిగ్రీ కాదు. అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ మాత్రం కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంగా ప్రకటించింది. ఉద్యోగ ప్రకటనల్లో ఎవరైనా అభ్యంతరం చెబితే చూపించాల్సింది ఆ ప్రకటననే.

రెండోది పేరు. పెళ్ళయిన ఆడవాళ్ళకు ఎక్కువగా చిక్కు వచ్చేది ఇక్కడే. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటాయి. ఇప్పుడు చేరేటప్పుడు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా సంఖ్య), దూరవిద్యా విభాగం వారి డెబ్ ఐడీ రెండూ తీసుకోవాలి. అవి ఆధార్ వివరాలతో తయారవుతాయి. రెండు చోట్లా పేరు వేరైతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది, లేదా మూడేళ్ళ తర్వాత పట్టా చేతికొచ్చాక తలనొప్పి మొదలవుతుంది. దరఖాస్తుకు కనీసం రెండు నెలల ముందే ఏ పేరుతో చదవాలో నిర్ణయించుకోండి. మా సలహా పదో తరగతి మెమోలో ఉన్న పేరే. మిగిలిన సర్టిఫికెట్లన్నీ దాన్ని అనుసరించే ఉంటాయి. ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు కాబట్టి, అక్షరం అక్షరం మెమోతో సరిచూసుకుని ఒక్కసారికే పని ముగించండి. వివాహ ధ్రువపత్రం లేకపోతే ఆ పని కూడా ఇప్పుడే చేయించుకోండి. రెండు పేర్లూ ఒకే మనిషివని ఎప్పుడో ఒకప్పుడు నిరూపించాల్సి వస్తుంది.

మూడోది కోర్సు. కోర్సు పుస్తకంలో ప్రాక్టికల్స్, వర్క్‌షాపులు, ఫీల్డ్‌వర్క్ అనే మాటలు ఉన్నాయేమో వెతకండి. సైన్సు ల్యాబులకు, బీఈడీ వర్క్‌షాపులకు, సోషల్ వర్క్ ఫీల్డ్ పనికి హాజరు తప్పనిసరి. వరుసగా కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇల్లు వదిలి ఉండాలి. చంటిపిల్ల ఉన్న ఇంట్లో అది ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది చేరడమే నయం. ఎంఏ, ఎంకాం, బీఏలాంటి వాటిలో ఈ బాధ తక్కువ. సొమ్ము విషయానికొస్తే ఇగ్నోలో అచ్చు పుస్తకాలు వద్దనుకుంటే ఫీజులో 15 శాతం తగ్గిస్తారు. కానీ పిల్లలున్న ఇంట్లో ఫోన్‌లో చదువు సాగదు. ఫోన్ తీసిన నిమిషానికే పిల్లలు దాన్ని పట్టుకుంటారు, లేదా మీ వేలే రీల్స్ మీదికి పోతుంది. అచ్చు పుస్తకాలే తీసుకోండి.

ఏడాదికి మీ దగ్గర ఎన్ని గంటలున్నాయి?

ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, క్లాసులకు వెళ్ళడం అన్నీ అందులోకే వస్తాయి. ఎనిమిది పేపర్లు, 64 క్రెడిట్లు ఉన్న ఎంఏ తీసుకుందాం. మొత్తం 1,920 గంటలు. రెండేళ్ళలో ముగించాలంటే ఏడాదికి 960 గంటలు కావాలి.

ఇప్పుడు ఇంటి వైపు నుంచి లెక్క కడదాం. వారానికి అయిదు రోజులు పొద్దున గంటంబావు చొప్పున ఆరుంబావు గంటలు. శనివారం రెండు. ఆదివారం మూడు. పన్నెండుకు ముప్పావు గంట తక్కువ. కాగితం మీద ఇది బాగుంటుంది. జ్వరాలు, చుట్టాలు, నిద్ర చాలని రోజులు పోగా పది మిగిలితే గొప్ప. ఏడాదిలో 52 వారాలున్నా పండుగలకు, పెళ్ళిళ్ళకు, ఆసుపత్రులకు ఎనిమిది వారాలు తీసేయండి. 44 వారాలు, వారానికి పది గంటలు, వెరసి 440 గంటలు.

అంటే రెండేళ్ళ కోర్సుకు నాలుగేళ్ళు దాటి పడుతుంది. ఇగ్నోలో ఎంఏకి గరిష్ఠ గడువు సరిగ్గా నాలుగేళ్ళే. నాలుగేళ్ళకు మీ దగ్గరున్నవి 1,760 గంటలు, కావాల్సినవి 1,920. ఆ 160 గంటల లోటును రోజువారీ నిద్రలోంచి తీయాలని చూస్తే మనిషి కూలబడతాడు. దాన్ని వేసవి సెలవుల్లోంచి తీయాలి. పిల్లలు అమ్మమ్మగారి ఊరికో, నాయనమ్మగారి ఊరికో వెళ్ళే మూడు వారాల్లో వారానికి పది బదులు ముప్పై గంటలు కూర్చుంటే ఏడాదికి 60 గంటలు అదనం. నాలుగేళ్ళకు 240. లోటు పూడి కొంత మిగులుతుంది. ఏప్రిల్ ఆఖరున సెలవులిచ్చాక మొదటి వారం పిల్లలతో ఉండండి. మే నెల మధ్య మూడు వారాలు మీవి. ఆ మూడు వారాల్లో ఇంటికి సున్నం వేయించడం, పచ్చళ్ళు పట్టడం, బీరువాలు సర్దడం పెట్టుకోవద్దు. వేసవిలో ఖాళీగా ఉన్నారు కదా అని ఇంటి పనులన్నీ సరిగ్గా అప్పుడే మీద పడతాయి.

పిల్లలంతా రోజంతా బడిలో ఉండి, మీకు ఉద్యోగం లేకపోతే రెండేళ్ళలో ముగించడం సాధ్యమే. వారానికి 22 గంటలు, అంటే రోజుకు మూడు గంటల పైచిలుకు. ఉద్యోగం, అయిదేళ్ళలోపు పిల్లలు రెండూ ఉంటే నాలుగేళ్ళ లెక్కతోనే దిగండి. అందులో చిన్నతనమేమీ లేదు.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఇగ్నోలో మొదటి ఏడాది పేపర్లన్నీ పాసైతేనే రెండో ఏడాదికి వెళ్ళాలన్న నిబంధన లేదు. నాలుగు పేపర్లకు నమోదు చేసుకుని జూన్‌లో రెండు, డిసెంబరులో రెండు రాయవచ్చు. చంటిపిల్ల ఉన్నవారు ఒక్కోసారికి ఒక్క పేపరే రాసినా ఎవరూ అడగరు. అన్నీ ఒకేసారి రాసి రెండు పోగొట్టుకునేకంటే ఇదే మేలు.

గోడ క్యాలెండరు మీద ఏడాది

ఇంట్లో అందరూ చూసే చోట, వంటింటి తలుపు పక్కన, తెలుగు క్యాలెండరు వేలాడదీయండి. నాలుగు రంగుల పెన్నులు తీసుకోండి. ఎర్రరంగుతో విశ్వవిద్యాలయం తేదీలు, నీలంతో పిల్లల బడి తేదీలు, ఆకుపచ్చతో పండుగలు, శుభకార్యాలు, నలుపుతో భార్యాభర్తల ఉద్యోగపు ఒత్తిడి రోజులు. మార్చి నెలాఖరు బ్యాంకు, అకౌంట్స్ ఉద్యోగుల ఇళ్ళలో నల్లగానే ఉంటుంది.

తర్వాత ఎరుపు, మరో రంగు ఒకే వారంలో పడిన చోట్లకు సున్నా చుట్టండి. విశాఖలో దాదాపు ప్రతి ఇంటికీ ఈ సున్నాలు పడతాయి: మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, అదే నెలలో పదో తరగతి పరీక్షలు, ఏప్రిల్ చివర అసైన్‌మెంట్ గడువు, జూన్ రెండో వారంలో యూనిఫాం, పుస్తకాలు, ఫీజులు, మీ పరీక్ష, ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, అక్టోబరు చివర గడువు, జనవరిలో సంక్రాంతి ప్రయాణం. గిరిప్రదక్షిణను ఇక్కడ కలపడానికి కారణం ఉంది. ఆ 32 కిలోమీటర్ల దారి హనుమంతవాక, ఎంవీపీ కాలనీ, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా సాగుతుంది. ఆ రోజు బస్సుల దారి మళ్ళుతుంది. మీ పేపరు ఆ తేదీనో, మర్నాడో ఉంటే పరీక్ష కేంద్రానికి గంట కాదు, రెండు గంటల ముందు బయల్దేరాలి.

సున్నా పడ్డ ప్రతి చోట ఎర్ర తేదీని మూడు వారాలు ముందుకు జరిపి అదే మీ గడువనుకోండి. ఏప్రిల్ 30 కాదు, ఏప్రిల్ 9. అక్టోబరు 31 కాదు, అక్టోబరు 10. గడువు పొడిగిస్తారన్న నమ్మకంతో ఉండొద్దు. పొడిగించిన ఏడాదులున్నాయి గానీ, ఆ పొడిగింపు మీ పరీక్షల చదువులోంచే పోతుంది.

ఇంట్లో మాట్లాడి ఒప్పించుకోవడం

"నాకు కాస్త సాయం చెయ్యండి" అంటే ఎవరికీ ఏం చేయాలో అర్థం కాదు. ఏ రోజు, ఏ పని, ఎన్ని గంటలకు అని అడగాలి. "మంగళ, శుక్రవారాలు రాత్రి పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టే దాకా మీరు చూసుకోండి, నేను ఆ గది తలుపు వేసుకుంటాను" అన్నది అడగాల్సిన పద్ధతి. అత్తగారు ఇంట్లో ఉంటే కోర్సు కట్టే ముందే ఆవిడకు చెప్పండి, కట్టాక కాదు. "అత్తయ్యా, పొద్దున ఆరింటి దాకా నేను చదువుకుంటాను, పాలవాడి సంగతి మీరు చూస్తారా" అని ఒక్క పని ఆవిడకు అప్పగిస్తే చదువులో ఆవిడకూ భాగం ఉంటుంది. చెప్పకుండా మొదలుపెట్టిన చదువుకు ఇంట్లో మొదట వినపడేది "ఈ వయసులో ఎందుకిది" అన్న ప్రశ్న.

ఆదివారం సాయంత్రం పావుగంట భార్యాభర్తలిద్దరూ క్యాలెండరు ముందు నిలబడి వచ్చే వారం చూసుకోవాలి. ఎవరికి ఏ షిఫ్టు, ఏ పిల్లకు ఏ పరీక్ష, ఎవరింట్లో పేరంటం. ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టుల్లో పనిచేసేవారి ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. 'ఏ' షిఫ్టు ఉదయం 6 నుంచి 2, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్టు 10 నుంచి తెల్లారి 6. మీ ఆయన బీ షిఫ్టు వారంలో పొద్దున ఇంట్లోనే ఉంటారు కాబట్టి పిల్లల్ని బడికి తయారుచేసే పని ఆయనది, ఆ గంట మీది. సీ షిఫ్టు వారంలో పగలు ఆయన నిద్రపోవాలి. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాల్సిన ఆ వేళే మీ చదువు వేళ.

చదివేది మగవారైతే ఒక మాట సూటిగా చెప్పాలి. మీ పుస్తకాల గంటలు మీ భార్య చేతి కష్టంలోంచి వస్తున్నాయి. పరీక్షలయ్యాక వరుసగా నాలుగు ఆదివారాలు పిల్లల్ని మీరే చూసుకుని ఆవిడకు ఖాళీ ఇవ్వండి. తీసుకున్న గంటలు తిరిగివ్వకపోతే రెండో ఏడాదికి ఇంట్లో సహకారం ఉండదు, ఉండకపోవడం న్యాయం కూడా.

పొద్దున గంటంబావు

రాత్రి పిల్లలు పడుకున్నాక చదువుదామనే ప్రణాళిక చాలా ఇళ్ళలో మూడు వారాల్లో కూలిపోతుంది. పిల్లలు పదింటికి పడుకుంటారు, మీ కళ్ళు పదిన్నరకే మూతలు పడతాయి, చదివినదే మళ్ళీ చదువుతారు. పొద్దున 4:45 నుంచి 6 దాకా అయితే ఫోన్లు మోగవు, కరెంటు ఉంటుంది, మే నెలలో కూడా గాలి కాస్త చల్లగా ఉంటుంది. కానీ దీనికి రాత్రి 9:45కి పడుకోవాలి. ఆరున్నర గంటల నిద్రకంటే తగ్గితే వారం తిరిగేసరికి చదివింది తలకెక్కదు, పిల్లల మీద విసుగు పెరుగుతుంది. అంచేత మీ గంట మొదలయ్యేది పొద్దున అలారంతో కాదు, రాత్రి ఎనిమిదింటికల్లా పొయ్యి కట్టేయడంతో.

ఒక యూనిట్‌కు, అంటే పుస్తకంలోని ఒక పాఠానికి, రెండు పూటలు పెట్టుకోండి. మొదటి పూట పెన్సిలుతో చదవడం. పేజీకి ఒకటే గీత, అంతకుమించి గీస్తే అన్నీ గీసినట్టే. రెండో పూట పుస్తకం మూసి, యూనిట్ మధ్యలో ఉండే స్వయం పరీక్ష ప్రశ్నలకు గుర్తున్నది తెల్ల కాగితం మీద రాయడం. తర్వాత పుస్తకం తెరిచి, తప్పినవి వేరే రంగుతో చేర్చడం. ఈ రెండో పూటే అసలు చదువు. చాలామంది దీన్ని వదిలేసి తర్వాతి యూనిట్‌కు పరుగెడతారు, పరీక్ష హాల్లో చదివినట్టు గుర్తుంటుంది గానీ రాయడానికి మాట రాదు. ఆ కాగితాన్ని మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఒక్కోసారి అయిదు నిమిషాలు చూడండి.

పిల్లల వయసును బట్టి ఇది మారుతుంది. ఆర్నెల్లలోపు చంటిబిడ్డ ఉంటే పొద్దున లేవడం మానేయండి, బిడ్డ పగలు పడుకున్న రెండు అరగంటలు చాలు. ఆ అరగంటల్లో అంట్లు తోమకండి. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకు గడియారం తెలియదు గనుక, గంట మోగే టైమరు పెట్టి "ఇది మోగగానే అమ్మ నీదే" అని చెప్పి, మోగిన క్షణం నిజంగా పుస్తకం మూయాలి. రెండుసార్లు మాట తప్పితే మూడోసారి ఆ టైమరు పనిచేయదు. బడికెళ్ళే పిల్లలు హోంవర్కు చేసే బల్ల దగ్గరే మీరూ కూర్చోవచ్చు. కానీ ఆ వేళకు కష్టమైన యూనిట్ పెట్టుకోవద్దు, అసైన్‌మెంటు ఫెయిర్ చేయడం లాంటి చేతిపని పెట్టుకోండి. పదో తరగతి, ఇంటర్ పిల్లలున్న ఇంట్లో మార్చి నెలను మీ లెక్కలోంచి పూర్తిగా తీసేయండి.

ఇంట్లో ఎలాగూ కుదరని వారికి ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీ మంచి చోటు. ఆదివారం మూడు గంటలు ఇంట్లో అయిదు గంటల పని చేస్తాయి.

అసైన్‌మెంట్లు: చేతికీ పని

మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లదే, మిగిలిన 70 పరీక్షది. పీజీలో రెండింట్లోనూ విడివిడిగా 40 శాతం రావాలి. అసైన్‌మెంటు ఇవ్వకుండా పరీక్ష ఎంత బాగా రాసినా ఆ పేపరు పూర్తయినట్టు కాదు.

నాలుగు పేపర్లు, పేపరుకు అయిదు జవాబులనుకుంటే ఇరవై జవాబులు. జవాబుకు నాలుగు పేజీలు, మొత్తం 80. సొంత చేతిరాతతో రాయాలి. పేజీకి పావుగంట వేసుకున్నా రాతకే ఇరవై గంటలు, ఆలోచన వేరే. అందుకే వారానికి రెండు జవాబుల చొప్పున పది వారాలు. ఏప్రిల్ 9కి ముగించాలంటే జనవరి ఆఖరి వారంలో, అక్టోబరు 10కి ముగించాలంటే జూలై ఆఖరున మొదలుపెట్టాలి. ఆఖరి వారంలో 80 పేజీలు రాసినవారి అక్షరాలు ఎవరూ చదవలేరు, మణికట్టు నొప్పి పరీక్షల దాకా పోదు.

తప్పులెక్కడ జరుగుతాయంటే, ముందుగా పాత ప్రశ్నలు. అసైన్‌మెంటు ప్రశ్నలు సెషన్‌ను, అంటే చేరిన విడతను బట్టి మారతాయి. మీ స్నేహితురాలి నిరుటి ప్రశ్నపత్రం చూసి రాస్తే తిరస్కరిస్తారు. తర్వాత గైడు నుంచి యథాతథంగా ఎక్కించడం. ఒకే గైడు జవాబు పదిమంది రాస్తే దిద్దేవారికి రెండో కాగితానికే తెలిసిపోతుంది. ముఖపత్రం మీద నమోదు సంఖ్య, ప్రోగ్రాం కోడు, కోర్సు కోడు (అంటే పేపరు కోడు), స్టడీ సెంటరు (మీకు కేటాయించిన స్థానిక కేంద్రం) కోడు, పేరు, ఫోన్ నంబరు, సంతకం ఉండాలి. నాలుగు పేపర్లను ఒకే కట్టగా కుట్టొద్దు, పేపరుకు ఒక కట్ట. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫొటో తీసి, ఇచ్చాక రసీదు మీద ముద్ర వేయించుకుని దాన్ని కూడా ఫొటో తీయండి. మార్కులు ఎక్కకపోతే మీ దగ్గరుండే ఏకైక ఆధారం ఆ రసీదే.

విశాఖ ఉక్కపోత కోసం ఓ చిన్న మాట. ఏప్రిల్, మే నెలల్లో చెయ్యి కాగితానికి అంటుకుని జెల్ పెన్ను సిరా చెరిగిపోతుంది. బాల్ పెన్ను వాడండి, రాసే చేతి కింద మడిచిన రుమాలు పెట్టుకోండి.

వంటింటి నుంచి మిగిలే సమయం

వంట మానక్కర్లేదు, వంట జరిగే రోజులు మార్చుకుంటే చాలు. ఆదివారం రైతుబజారు నుంచి రాగానే ఆకుకూరలు కాక మిగిలిన కూరలు కడిగి, ఆరబెట్టి, తరిగి డబ్బాల్లో పెడితే రోజుకు ఇరవై నిమిషాలు కలిసొస్తాయి. నలుగురున్న ఇంటికి రెండు గ్లాసుల మినప్పప్పు, నాలుగు గ్లాసుల ఇడ్లీ రవ్వ పిండి మూడు పొద్దులకు వస్తుంది. ఆదివారం, బుధవారం రుబ్బితే బడి రోజులన్నిటికీ టిఫిను తేలిపోతుంది. మే నెలలో పిండి ఆరు గంటల్లోనే పొంగి పులుస్తుంది, రాత్రంతా బయట వదలకుండా పడుకునే ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. మరిచిపోయిన రోజున పెసరట్టు ఉంది, దానికి పులియడంతో పనిలేదు. పులిహోర పులుసు ఒకసారి నూనె తేలే దాకా ఉడికించి గాజు సీసాలో ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు నిలుస్తుంది. పరీక్షల వారంలో మీరు లేకపోయినా ఇంట్లో ఎవరైనా అన్నం కలుపుకోగలరు.

ప్రయాణం, వానలు, తుఫానులు

గాజువాక నుంచో కూర్మన్నపాలెం నుంచో మద్దిలపాలెం వైపు రోజూ తిరిగేవారు బస్సులో చదవాలని చూడొద్దు, కళ్ళు తిరుగుతాయి. యూనిట్‌లోని ముఖ్యాంశాలను మీ గొంతుతోనే ఎనిమిది పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. రికార్డు చేయడమే ఒక పునశ్చరణ. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, స్టడీ సెంటరుకు, లైబ్రరీకి వెళ్ళే ఖర్చు లెక్కలోంచి పోతుంది. ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు దగ్గరుండాలి.

అక్టోబరు, నవంబరు నెలలు తుఫాను కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అసైన్‌మెంటు గడువు, పరీక్ష ఫారం నింపే రోజులు సరిగ్గా ఆ కాలంలోనే పడతాయి. అందుకే ఫారం తెరిచిన మొదటి వారంలోనే నింపండి, ఫీజు కట్టిన రసీదు ప్రింటు తీసిపెట్టుకోండి. పుస్తకాలు, రాసిన అసైన్‌మెంట్లు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, నేల మీద కాకుండా అటక మీద ఉంచండి. వానాకాలం తేమకు పుస్తకాలకు బూజు పడుతుంది, నెలకోసారి ఎండ చూపించండి.

పరీక్షల నెల

ఫారం నింపేటప్పుడు ఇంటికి దగ్గర కేంద్రాన్ని ఎంచుకోండి. చివరి రోజుల్లో నింపితే దగ్గర కేంద్రాలు నిండిపోవచ్చు. పరీక్షలు పొద్దున 10 నుంచి 1, మధ్యాహ్నం 2 నుంచి 5. డేట్‌షీట్ (పరీక్షల తేదీల పట్టిక) వచ్చిన రోజే గోడ క్యాలెండరు మీద ఎక్కించి, ఒకే రోజు రెండు పేపర్లు పడితే ఏది డిసెంబరుకు వదలాలో అప్పుడే తేల్చుకోండి.

నెల ముందు నుంచి వారానికొకసారి మూడు గంటలు కూర్చుని పాత ప్రశ్నపత్రం పూర్తిగా రాయాలి. చదువు మానేసి పదేళ్ళయినవారికి తెలియక కాదు, చెయ్యి సాగక మార్కులు పోతాయి. అయిదు ప్రశ్నలకు 35 నిమిషాల చొప్పున రాస్తే సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు మిగులుతాయి. మొదటి జవాబుకు గంట ఇచ్చి అయిదోది వదిలేయడం అందరికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. రెండు సగం జవాబులైనా ఒక ఖాళీకంటే ఎక్కువ మార్కులు తెస్తాయి.

జూన్ పరీక్ష రాసేవారు పిల్లల యూనిఫాం, బూట్లు, పుస్తకాలు మే 25లోపే కొనేయాలి. డిసెంబరు పరీక్షవారు సంక్రాంతి టిక్కెట్లను తమ ఆఖరి పేపరు మర్నాటికి తీయాలి. అరిసెలు, జంతికలు ఈ ఒక్క ఏడాదికి బయట కొన్నా, వదినగారు చేసినా పండుగకేం లోటు రాదు.

పాలు తాగే బిడ్డ ఉంటే ఒకరు బిడ్డతో పరీక్ష కేంద్రం దగ్గరకు రావాలి. తొమ్మిదింబావుకు పాలిచ్చి లోపలికి వెళ్ళి, ఒంటిగంటకు మళ్ళీ ఇవ్వండి. పాలు పిండి ఉంచాలనుకుంటే ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు నిల్వ ఉంటాయి, విశాఖ జూన్ ఎండలో బయట మాత్రం ఉంచొద్దు. సీసాతో తాగడం పరీక్షకు రెండు వారాల ముందే అలవాటు చేయాలి. పరీక్ష రోజున మొదటిసారి సీసా చూసిన బిడ్డ పట్టుకోదు.

పిల్లలకు జ్వరం వస్తే ఎవరు ఉండాలన్నది ముందే రాసిపెట్టుకోండి. మొదటి మనిషి, ఆ మనిషి కుదరకపోతే రెండో మనిషి. పరీక్ష పొద్దున ఎనిమిదింటికి ఫోన్లు చేస్తూ కూర్చుంటే పేపరు సగం అప్పుడే పోయినట్టు. బిడ్డ పరిస్థితి నిజంగా బాగోకపోతే పేపరు వదిలేయండి. ఫీజు పోతుంది, ఆరు నెలల్లో మళ్ళీ రాయవచ్చు.

మరొకటి: జూలై సెషన్‌కు తిరిగి నమోదు చేసుకునే రోజులు మీరు పరీక్షలకు చదివే మే, జూన్ నెలల్లోనే వస్తాయి. హడావిడిలో ఇది మరిచిపోయినవారికి తర్వాతి ఏడాది పేపర్లు ఆలస్యమవుతాయి. దాన్ని మే మొదటి ఆదివారం గడిలో ఎర్రగా రాయండి.

ఫలితాలు వచ్చాక గ్రేడ్ కార్డులో ప్రతి పేపరు ఎదుట అసైన్‌మెంటు, పరీక్ష మార్కులు రెండూ ఉన్నాయో లేదో చూడండి. అసైన్‌మెంటు మార్కు ఖాళీగా ఉండి, పరీక్ష అయి రెండు నెలలు దాటితే ముద్ర ఉన్న రసీదు నకలుతో ముందు స్టడీ సెంటరుకు, అక్కడ పని కాకపోతే ప్రాంతీయ కేంద్రానికి రాతపూర్వకంగా ఇచ్చి, దానికి కూడా రసీదు తీసుకోండి.